కొత్త గేమ్ మిషన్ మొరాయిస్తే రిపేరు షాపుకు పరుగెత్తకండి

కువైట్ నుంచి సెలవు మీద ఇంటికి పోయే మనవాళ్ళ పెట్టెల్లో ఒకప్పుడు టేప్ రికార్డరు, నిడో డబ్బా, నాలుగు టైగర్ బామ్ సీసాలు ఉంటే చాలు, ఇంటిల్లిపాదీ సంతోషించేవారు. ఇప్పుడు పిల్లలు తమకేం కావాలో ఫోనులోనే ముందుగా పేరుతో సహా చెప్పేస్తున్నారు. ఆ పేర్లలో ఈ మధ్య తరచుగా వినబడుతున్నది చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్, అందులోనూ నింటెండో స్విచ్ 2. 2025 జూన్ 5న ఇది విడుదలైనప్పుడు అమెరికాలో ధర 449.99 డాలర్లు. మన దినార్లలో లెక్కేస్తే 138 దాకా వస్తుంది. ఇంటి డ్రైవరుకో, హోటల్లో హెల్పరుకో ఇది ఒక నెల జీతం. కొందరికి అంతకన్నా ఎక్కువే.

అంత డబ్బు పోసి కొన్నది రూముకు తెచ్చి పెట్టె విప్పగానే పని చేయకపోతే గుండె ఆగినంత పనవుతుంది. పైగా నింటెండో కంపెనీ ఈ మిషన్లను మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. కడపలోనో కరీంనగర్‌లోనో పాడైతే వారంటీ మీద చేయించుకునే దారి లేదన్నమాట. కాబట్టి దానికి ఏ జబ్బు ఉన్నా విమానం ఎక్కకముందే ఇక్కడే బయటపడాలి. నేను ఒక కంపెనీ ఆఫీసులో క్లర్కును, మెకానిక్కును కాను. అయితే మా బిల్డింగులో ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పేది నేనే కనుక ఇలాంటి మిషన్లు నా దగ్గరికి వస్తుంటాయి. వచ్చినవాటిలో చాలావరకు మిషన్ బాగానే ఉంటుంది. జబ్బంతా దాని చుట్టూ ఉన్న సామాన్లది.

ముందుగా చూడవలసింది ఛార్జర్. మా పక్క రూములో రాయచోటి అన్న ఒకరు ఉన్నారు, ఇంటి డ్రైవరు. కొడుకు ఎనిమిదో తరగతి. అన్న ఊరికి పోవడానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా మిషన్ కొన్నారు. మొదటి రాత్రి బాగానే ఆడింది, తెల్లారేసరికి స్క్రీను నల్లగా అయిపోయింది. ఎంత నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు. బజారులో ఒక రిపేరు షాపువాడు చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, బోర్డు పోయింది, ఇరవై దినార్లు అవుతుందన్నాడట. "వాడికి చెప్పేసినా తమ్ముడూ, ఈసారి తప్పకుండా తెస్తానని. ఇప్పుడు ఏం మొగం పెట్టుకుని పోయేది?" అని అన్న నా మంచం మీద కూలబడ్డారు.

"దేంతో ఛార్జింగ్ పెట్టినావన్నా?" అని అడిగాను. అక్కడే దొరికిపోయింది. అది వేరే దేశం నుంచి వచ్చిన సరుకు. పెట్టెలో వచ్చిన ఛార్జరుకు రెండు చదును పుల్లలున్నాయి. మన గోడ సాకెట్టు మూడు పుల్లలది. అది పట్టలేదని పక్కన పెట్టి, బస్టాపు దగ్గర ఒక దినారుకు కొన్న ఫోను ఛార్జరు తగిలించారు. ఈ మిషన్‌తో వచ్చే అసలు ఛార్జరు 60 వాట్ల వరకు ఇవ్వగలదు. నాసిరకం ఫోను ఛార్జరు అందులో ఆరో వంతు ఇచ్చినా గొప్పే. ఆడుతుంటే ఖర్చయ్యేదానికన్నా వచ్చేది తక్కువ, అందుకని తీగ తగిలించే ఉన్నా బ్యాటరీ మెల్లగా అడుగంటిపోతుంది.

చేసిన పని చాలా చిన్నది. కన్వర్టర్ ప్లగ్గు ఒకటి తెప్పించాం. అసలు ఛార్జరు మీద చదివితే 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉంది, అంటే కువైట్ కరెంటుకూ మన ఊరి కరెంటుకూ అదే సరిపోతుంది. ఛార్జరును గోడ నుంచీ మిషన్ నుంచీ పూర్తిగా ఊడదీసి అర నిమిషం అలా ఉంచి, మళ్ళీ తగిలించాం. ఇది కంపెనీ వాళ్ళు చెప్పే పద్ధతే. ఒక్కోసారి ఛార్జరు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, కాసేపు ఊడదీస్తే తిరిగి మామూలవుతుంది. అరగంట ఛార్జింగ్ అయ్యాక పవర్ బటన్ 12 సెకన్ల పాటు వదలకుండా నొక్కి పట్టుకున్నాం. ఇలా చేస్తే మిషన్ ఎక్కడ ఇరుక్కుపోయి ఉన్నా పూర్తిగా ఆగిపోతుంది. తర్వాత వదిలేసి ఒక్కసారి నొక్కగానే ఎర్రటి గుర్తు వెలిగింది. అన్న ఆ సాయంత్రం మా రూమందరికీ బిర్యానీ తెచ్చారు. ఇరవై దినార్లలో అది ఎన్నో వంతు!

మరో సంగతి. టీవీకి తగిలించే స్టాండు ఉంటుంది, డాక్ అంటారు. ఆ డాక్ పని చేయాలంటే స్విచ్ 2తో వచ్చిన ఛార్జరే ఉండాలి, లేదా అంతే శక్తి ఉన్నది. 2017 నాటి పాత స్విచ్ ఛార్జరుతో మిషన్‌కు ఛార్జింగ్ అవుతుంది కానీ డాక్ ద్వారా టీవీలో బొమ్మ రాదు. టీవీలో బొమ్మ రాలేదని మిషన్‌ను తిట్టేముందు ఆ ఛార్జరు ఏదో చూడండి. ఇంకా, స్విచ్ 2కు ఛార్జింగ్ రంధ్రాలు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. ఒకదానిలో ఎక్కకపోతే రెండోదానిలో పెట్టి చూడండి. రెండిట్లోనూ ఎక్కకపోతే తీగ మార్చండి. తీగ మార్చినా ఎక్కకపోతే అప్పుడు అనుమానం మిషన్ మీదికి పోవాలి.

కొందరికి బ్యాటరీ శాతం తప్పుగా చూపిస్తుంది. నిండా ఛార్జింగ్ పెట్టినా తక్కువ అంకె, లేదా చాలా ఉందని చూపిస్తూనే హఠాత్తుగా ఆగిపోవడం. బ్యాటరీ చెడినట్టు అనిపిస్తుంది కానీ చాలాసార్లు అంకె మాత్రమే తప్పు. సిస్టమ్ అప్‌డేట్ చేసి, నిండా ఛార్జింగ్ పెట్టడం, బాగా దిగేదాకా వాడడం నాలుగైదుసార్లు చేస్తే అంకె దారికొస్తుంది.

ఇక ఎండ. ఈ మిషన్ వాడవలసిన వేడి 5 నుంచి 35 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య అని కంపెనీ చెబుతోంది. మన కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఎండలో ఆపిన కారు లోపల ఎంత ఉంటుందో డ్రైవరు అన్నలకు నేను చెప్పనక్కర్లేదు. షాపు నుంచి తెచ్చి కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, డ్యూటీ అయ్యాక సాయంత్రం తీసుకోవడం అంటే లోపలి లిథియం బ్యాటరీని పొయ్యి మీద పెట్టినట్టే. బాగా వేడెక్కిన మిషన్ ఛార్జింగ్ తీసుకోదు, లేదా తనంతట తాను నిద్రలోకి పోతుంది. అది చెడిపోవడం కాదు, తనను కాపాడుకోవడం. నీడలో చల్లారనివ్వండి. త్వరగా చల్లారాలని ఫ్రిజ్‌లో పెట్టినవారిని కూడా చూశాను, అలా మాత్రం చేయకండి. చల్లటి వస్తువుకు బయటి ఆవిరి తగిలి లోపల నీటి చెమట పడుతుంది. ఆగస్టులో ఉక్క ఎక్కువగా ఉన్న రోజున ఏసీ రూములోంచి బయటికి తెచ్చినా ఇదే ప్రమాదం, కాసేపు సంచీలోనే ఉంచి తీయండి.

పైభాగాన చీలికలుంటాయి, వేడి గాలి అక్కడి నుంచి బయటికి పోతుంది. దిండు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే గాలికి దారి మూసుకుపోతుంది. దుమ్ము తుఫాను వచ్చిన రోజు కిటికీ దగ్గర వదిలేస్తే ఫ్యాను చప్పుడు చేయడం మొదలుపెడుతుంది. వెనుక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇంక ఏ ప్రయోగమూ వద్దు. ఛార్జింగ్ ఆపేయండి, నొక్కకండి, షాపువాడికి అప్పగించండి. ఉబ్బిన బ్యాటరీతో ఆటలు లేవు.

మెమరీ కార్డు దగ్గర మనవాళ్ళు ఎక్కువగా మోసపోతున్నారు. స్విచ్ 2 గేములకు మామూలు మైక్రో ఎస్‌డీ కార్డు పనికిరాదు, మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే రకమే కావాలి. పాత కార్డు పెడితే ఫోటోలు, వీడియోలు మిషన్‌లోకి ఎక్కించుకోవచ్చు, అంతే. కార్డు తీసుకోవడం లేదు, స్లాటు పోయింది అని వచ్చినవాళ్ళకు నేను కార్డు మీద చిన్నగా రాసి ఉన్న ఇ, ఎక్స్ అనే అక్షరాలు ఉన్నాయో లేవో చూడమంటాను. అసలు మిషన్ లోపలే 256 జీబీ ఉంది. పిల్లవాడికి మొదటి ఏడాది అది చాలు, కార్డు కోసం తొందరపడి దినార్లు తగలేయకండి. గేముల కార్డులు నాలుకకు తగిలితే చేదుగా ఉంటాయి. అది నకిలీ అని కాదు, చిన్నపిల్లలు మింగకుండా కావాలనే చేదు మందు పూస్తారు.

స్క్రీను మీద ఉన్న పల్చటి పొర సంగతి అందరూ గుర్తుంచుకోండి. కొత్త వస్తువు కొనగానే ప్లాస్టిక్ కాగితం పీకడం మనకు సరదా. ఈ మిషన్ స్క్రీను అంచుల్లో కనిపించే పొర అలాంటిది కాదు. స్క్రీను పగిలితే ముక్కలు ఎగరకుండా కంపెనీ అతికించిన పొర అది. పీకవద్దని కాగితంలో రాసి ఉంటుంది. గీతలు పడకుండా వేరే అద్దం వేయించుకోవాలంటే దానిమీదే వేయించుకోండి. స్క్రీను మీద ఒకటి రెండు చుక్కలు ఎప్పుడూ నల్లగానో తెల్లగానో నిలిచిపోతే కొత్తది ఇస్తారనుకోవద్దు. 2017లో మొదటి స్విచ్ వచ్చినప్పుడే ఇది ఎల్‌సీడీల స్వభావం, లోపం కాదు అని కంపెనీ చెప్పేసింది. అందుకే షాపులోనే ఒకసారి తెల్ల తెర, ఒకసారి నల్ల తెర పెట్టించి చూసుకోవాలి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

వేలు తీసేసినా బొమ్మ తనంతట తాను నడిచిపోతుంటే దానిని డ్రిఫ్ట్ అంటారు. పాత స్విచ్‌లో ఇది పెద్ద గొడవైంది. 2020లో కంపెనీ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా క్షమాపణ కూడా చెప్పారు. యూరప్ కొనుగోలుదారులకు 2023 నుంచి వారంటీ దాటినా ఉచితంగా బాగు చేస్తామన్నారు. సెట్టింగుల్లో కంట్రోలర్ల విభాగంలో స్టిక్కులను సరిచేసే దారి ఉంది, ముందు అది చేసి చూడండి. అయినా తగ్గకపోతే కంట్రోలరు మార్పించుకోవాలి. అది ఊడి వచ్చే భాగమే కనుక మొత్తం మిషన్ ఇవ్వనక్కర్లేదు.

మిషన్ బాగున్నా పనికిరాకుండా పోయే సందర్భం ఒకటుంది. జపాన్ కోసం మాత్రమే తయారైన రకం ఒకటి తక్కువ ధరకు, 49,980 యెన్లకు అమ్మారు. అందులో జపాన్ భాష తప్ప వేరే భాష రాదు, జపాన్ ఖాతాలు తప్ప కలవవు. చౌకగా వస్తోందని తీసుకుంటే ఏ సెట్టింగులో వెతికినా ఇంగ్లీషు దొరకదు. పెట్టె మీద అక్షరాలు చూసి, షాపులో ఆన్ చేయించి, భాష ఇంగ్లీషులోకి మారిస్తేనే దినార్లు తీయండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు అక్కడే వైఫైకి కలిపి ఇంటర్నెట్ సేవలు వస్తున్నాయో లేదో చూడాలి. దొంగ గేములు ఆడినందుకు కంపెనీ నిషేధించిన మిషన్లు బయట అమ్మకానికి వస్తుంటాయి.

ఇవన్నీ చేసినా మిషన్ లేవకపోతే అప్పుడు షాపే గతి. బిల్లు మీద మిషన్ నంబరు రాయించుకుని ఉంటే మాట్లాడడానికి బలముంటుంది. హవల్లీలో కొన్నా ఫాహీల్‌లో కొన్నా వారంటీ ఎన్నాళ్ళు, మార్చి ఇస్తారా, బాగు చేసి ఇస్తారా అన్నది ఆ బిల్లు మీదే రాయించుకోవాలి. రోడ్డు పక్క షాపులో మాత్రం విప్పించకండి. మామూలు స్క్రూడ్రైవరుకు లొంగని మూడు గీతల స్క్రూలు, బంకతో అతికించిన బ్యాటరీ. మిషన్లు విప్పి చూసి మార్కులు వేసే ఐఫిక్సిట్ అనే సంస్థ బాగు చేసుకునే సౌకర్యానికి దీనికి పదికి మూడే ఇచ్చింది. ఒకసారి విప్పారంటే వారంటీ మాట కూడా ఎత్తలేరు.

కాబట్టి ప్రయాణానికి కనీసం రెండు శుక్రవారాలు ముందే కొనండి. ఒక శుక్రవారం అంతా ఆడించి చూడండి, ఛార్జింగ్, టీవీ, రెండు కంట్రోలర్లు, అన్నీ. విమానంలో దానిని చేతి సంచీలోనే పెట్టుకోండి, లగేజీలో వేయకండి. పవర్ బ్యాంకు అయితే ఎలాగూ చేతి సంచీలోనే ఉండాలి.

ఇంటికి చేరాక ఇంకొకటి ఉంది. పరీక్షలు రాగానే అమ్మ దానిని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది, అందులో తప్పేమీ లేదు. కానీ ఆరు నెలలకు ఒకసారైనా ఛార్జింగ్ పెట్టకపోతే బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి మళ్ళీ ఎక్కకపోవచ్చని కంపెనీ చెబుతోంది. ఫోను చేసినప్పుడు పిల్లవాడి మార్కులతో పాటు, బీరువాలో మిషన్‌కు ఛార్జింగ్ ఎప్పుడు పెట్టారో కూడా అడగండి.