మనలను నవ్వించే చిత్రాలు - నవ్వు ఎవరి మీద?

నవరసాలలో హాస్యానికి ఒక ప్రత్యేకత ఉన్నది. కరుణరసం కన్నీరు తెప్పించవలెనన్నా, వీరరసం రోమాంచం కలిగించవలెనన్నా ప్రేక్షకుని మనస్సు కొంత సిద్ధపడి ఉండాలి. నవ్వు అట్లా కాదు. అది మన అనుమతి కోరదు. ముందు వచ్చివేస్తుంది, ఎందుకు నవ్వామో తరువాత ఆలోచించుకోవలసి వస్తుంది. ఆ తరువాతి ఆలోచనకే ఈ వ్యాసాన్ని కేటాయించాము.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక కళాశాల వార్షికోత్సవంలో మేమొక నాటిక చూశాము. అందులో ఒక పాత్ర ఉర్దూ ఇంటి నుండి వచ్చినవాడు. అతడు తెలుగు క్రియాపదాలను తారుమారు చేసి మాట్లాడినప్పుడెల్లా సభ గొల్లుమన్నది. మేమూ నవ్వాము. మా ప్రక్కన కూర్చున్న మిత్రుని మాతృభాష ఉర్దూ. అతడు కూడ నవ్వాడు. కాని ఆ తరువాత తెలుగు తరగతిలో అతడు లేచి జవాబు చెప్పటం మానివేశాడు. కొద్ది రోజులకు మేము వేరొక పట్టణంలో ఒక సినిమాకు వెళ్ళాము. తెరమీద ప్రతినాయకుని అనుచరుడొకడు మా శ్రీకాకుళం యాసలో 'ఏటి' అన్నాడు. అంతమాత్రానికే హాలంతా నవ్వింది. ఈసారి మాకు నవ్వు రాలేదు. మా మిత్రుడు ఎందుకు మౌనం వహించాడో ఆనాటికి తెలిసివచ్చింది.

మరి నవ్వు తప్పా? కానే కాదు. మనకు మిక్కిలి ఇష్టమైన హాస్యచిత్రాలను కాస్త నిదానంగా పరిశీలిస్తే, వాటిలో ఉత్తమమైనవి మనిషి పుట్టుకను గాని, యాసను గాని చూసి నవ్వినవి కావని, మనిషి వేసుకున్న ముసుగును చూసి నవ్వినవని తేలుతుంది.

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యానికి కారణాలను పేర్కొన్నాడు. వికృతమైన వేషం, వికృతమైన అలంకారం, అత్యాశ, అసంబద్ధ ప్రలాపం, అంగవైకల్యం చూడటం, దోషాలను ఎత్తిచూపటం మున్నగునవి అందులో ఉన్నాయి. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని నవ్వును ఆరు విధాలుగా విభజించి, మొదటి రెండింటిని ఉత్తములకు, చివరి రెండింటిని అధములకు చెప్పాడు. నవ్వు పుట్టించే మార్గాలు అనేకమన్న మాట. వాటిలో దేనిని ఎన్నుకొంటాడన్నదే కళాకారుని సంస్కారం.

మొదట 'మిస్సమ్మ'ను తీసుకొందాము. విజయా సంస్థ నిర్మించగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955లో వచ్చిన చిత్రమిది. జమీందారు పాఠశాలకు ఉపాధ్యాయులుగా దంపతులే కావాలి. ఉద్యోగం లేని హిందూ యువకుడు, అప్పుల బాధలో ఉన్న క్రైస్తవ యువతి భార్యాభర్తలమని అబద్ధమాడి ఆ కొలువులో చేరుతారు. ఎన్.టి. రామారావు, సావిత్రి ధరించిన ఈ పాత్రల అవస్థ మనకు తెలుసు. జమీందారు దంపతులకు తెలియదు. వారు ఎంత ఆప్యాయత చూపితే వీరికి అంత ఇరకాటం. ప్రేక్షకునికి తెలిసినది పాత్రకు తెలియకపోవటమే ఈ హాస్యానికి మూలసూత్రం. గమనింపదగిన సంగతి ఏమనగా, మేరీ మతం ఇక్కడ నవ్వులాటకు వస్తువు కాలేదు. నవ్వంతా అబద్ధం మీద, ఆ అబద్ధానికి పురికొల్పిన నిరుద్యోగం మీద. అయితే చివరకు మేరీ జమీందారు తప్పిపోయిన కుమార్తెయేనని తేల్చి, రెండు మతాల వారు నిజంగా ఒకటి కావలసివస్తే ఏమగునన్న ప్రశ్నను చిత్రం తప్పించుకొన్నది. ఎంత ఇష్టమైన చిత్రమైనా ఈ మాట చెప్పక తప్పదు.

'గుండమ్మ కథ' (1962) నవ్వు మరొక విధమైనది. ధనవంతుని బిడ్డ పనివాని వేషంలో గుండమ్మ ఇంట చేరుతాడు. ఆజ్ఞాపించవలసినవాడు ఆజ్ఞలకు తలవంచటం, పెత్తనం చేసే ఇల్లాలికి తన పెత్తనమే ఎదురు తిరగటం ఇందులోని తమాషా. సూర్యకాంతం గుండమ్మను మనం చూసి నవ్వుతాము, భయపడతాము, కాని ద్వేషించము. నోటి దురుసు వెనుక ఉన్న అమాయకత్వాన్ని ఆమె దాచలేదు గనుకనే అది సాధ్యమైనది.

ఇక పిసినారితనం. జంధ్యాల దర్శకత్వం వహించిన 'అహ నా పెళ్ళంట' (1987) చిత్రంలో కోట శ్రీనివాసరావు ధరించిన లక్ష్మీపతి కోడిని తాడుకు వ్రేలాడదీసి, దానిని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఈ దృశ్యాన్ని చార్లీ చాప్లిన్ 'గోల్డ్ రష్' (1925)లోని దృశ్యంతో పోల్చి చూడండి. మంచు కొండల్లో ఆకలికి తాళలేక చాప్లిన్ తన బూటును ఉడికించి, మేకులను ఎముకలవలె చప్పరిస్తూ, రాజభోజనం చేస్తున్నంత మర్యాదగా ఆరగిస్తాడు. తిండిలేనివాడు తిండి ఉన్నట్లు భావించుకొంటున్నాడు. తిండి ఉన్నవాడు లేనట్లు బ్రతుకుతున్నాడు. మొదటివాని మీద నవ్వు జాలితో కలిసి ఉంటుంది, రెండవవానిపై నవ్వు అతనికి శిక్ష. ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1900లో ప్రచురించిన తన గ్రంథంలో, ప్రాణమున్న మనిషి యంత్రంవలె ప్రవర్తించినప్పుడు నవ్వు పుడుతుందని వివరించాడు. లక్ష్మీపతి అటువంటి యంత్రమే. పొదుపు అనే ఒక్క మీట తప్ప అతనిలో మరొకటి లేదు.

ఈ పిసినారికి ఒక పూర్వీకుడున్నాడు. అతడు మన ఉత్తరాంధ్రవాడు కావటం మనకు గర్వకారణం. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం'లోని లుబ్ధావధాన్లే ఆ పూర్వీకుడు. 1955లో పి. పుల్లయ్య గారు ఈ నాటకాన్ని చలనచిత్రంగా తీసినారు. గురజాడ వారు ఎవరిని చూసి నవ్వించారో గమనించండి. బాలికలను అమ్ముకొనే తండ్రిని, డబ్బుతో పసిపిల్లను కొనబోయిన ముసలివానిని, రెండు ఇంగ్లీషు ముక్కలతో లోకాన్ని బురిడీ కొట్టించే గిరీశాన్ని చూసి నవ్వించారు. జనం మాట్లాడే వాడుక భాషను ఆయన నవ్వుకు గురిగా పెట్టలేదు, నవ్వించే ఆయుధంగా వాడుకొన్నారు.

భాష విషయంలో ఇంతకంటె చక్కని పాఠం 'మాయాబజార్' (1957)లో ఉన్నది. దానికి మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1901లో రాజాంలో జన్మించినవారు. 'అస్మదీయులు' అనగా మనవారు. ఆ మాట నోరు తిరగని రాక్షసుడొకడు దానిని 'అసమదీయులు' అని, దానికి వరుస కలిపి శత్రువులను 'తసమదీయులు' అని అంటాడు. వ్యాకరణం ప్రకారం అది శుద్ధ తప్పు. కాని ఘటోత్కచుడు వానిని వెక్కిరింపక ఆ కొత్త మాటను మెచ్చుకొంటాడు. తప్పు పలికినవాడు చిన్నబుచ్చుకోలేదు, తెలుగు నుడికారానికి రెండు మాటలు దక్కాయి. నేటికీ తెలుగువారు వాటిని వాడుకొంటూనే ఉన్నారు.

ఇక మా మిత్రుని తప్పు ఎటువంటిదో చూద్దాము. ఉర్దూలో ప్రాణంలేని వస్తువులకు సైతం లింగభేదం ఉన్నది. నీరు పుంలింగం, రొట్టె స్త్రీలింగం. తెలుగులో స్త్రీకి, పశువుకు, వస్తువుకు ఏకవచనంలో 'వచ్చింది' అన్న ఒక్క క్రియయే చాలును. ఒక పద్ధతికి అలవాటుపడిన నాలుక రెండవదానిలో తడబడటం సహజం. తెలుగు విద్యార్థి 'పానీ ఆయా' అనవలసినచోట 'పానీ ఆయీ' అన్నప్పుడు ఉర్దూ మిత్రులకు కూడ అంతే నవ్వు వస్తుంది. ఎవరి ఇంటి గడప దాటినా మనమందరమూ యాస కలవారమే. మనకు 'ఏటి' ఎంత సహజమో, వారికి వారి పలుకుబడి అంత సహజం.

అయితే యాసతో హాస్యం పండించకూడదా? తప్పక పండించవచ్చును. 2005లో కుంట నిఖిల్ దర్శకత్వంలో హైదరాబాదు దక్కనీ భాషలో 'అంగ్రేజ్' అనే చిత్రం వచ్చినది. 'నక్కో', 'హౌ' అంటూ చార్మినారు దగ్గర కాలక్షేపం చేసే యువకుల గొప్పలు, బెదిరింపులు, పిరికితనం ఆ చిత్రానికి ప్రాణం. అందులో ప్రధాన పాత్రలందరిదీ అదే పలుకు గనుక, ఆ పలుకు ఎవరినీ తక్కువ చేయదు. నవ్వు గొప్పలు కోసేవాని డాంబికం మీద పడుతుంది. అట్లే వెంకటేశ్ మహా దర్శకత్వంలో 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో విశాఖపట్నపు పేటవాసులే అనేకులు నటులైనారు. వయసు మీరినా పెళ్ళికాని అటెండరు రాజును గూర్చి పేటంతా చర్చిస్తుంది. నవ్వు పుట్టేది రాజు ఒంటరితనం నుండి కాదు, ఇతరుల ఆరాటం నుండి. మన యాస అక్కడ అనుచరుని నోట గాక కథానాయకుని నోట వినిపించింది. సలీమా అనే ముస్లిం స్త్రీ పాత్ర ఎంతో గౌరవంతో చిత్రితమైనది. నవ్వుకు, మర్యాదకు పొత్తు కుదరదన్న వాదానికి ఈ చిత్రమే సమాధానం.

తెలుగు హాస్యం ఏ ఒక్క వర్గం సొత్తూ కాదు. బుర్రకథలో కథకునికి ఒక ప్రక్క హాస్యపు వంత నిలుచుండే సంప్రదాయం మనకు తెలిసినదే. ఆ కళకు పితామహుడనిపించుకొని 1986లో పద్మశ్రీ అందుకొన్న షేక్ నాజర్ గారు ముస్లిం. 1981లో 'సీతాకోకచిలుక'లో బాలనటునిగా మెప్పించి, 1994లో 'యమలీల'తో కథానాయకుడైన అలీ రాజమండ్రి ముస్లిం కుటుంబంలో పుట్టినవారు. వీరు తెలుగువారిని తెలుగుతోనే నవ్వించారు.

కనుక విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. ఈసారి వార్షికోత్సవానికి నాటిక వ్రాసేటప్పుడు, నవ్వు పండే ప్రతి చోటా ఒక చిన్న పరీక్ష చేయండి. ఆ పాత్ర తాను ఎన్నుకొన్న పనిని చూసి నవ్వుతున్నామా, లేక తాను ఎన్నుకొనని పుట్టుకను, పలుకును, రూపాన్ని, పేదరికాన్ని చూసి నవ్వుతున్నామా? మొదటిదైతే నిస్సంకోచంగా నవ్వించండి. రెండవదైతే ఆ మాట కొట్టివేసి మరొకటి వ్రాయండి. నాటికలను ఎంపిక చేసే కళాశాల సంఘం పెద్దలు కూడ ఈ పరీక్షను పాటింతురుగాక. కోటబొమ్మాళివారి 'ఏటి'ని, ఉర్దూ మిత్రుల తడబాటును ఒకే వేదికమీద విని, ఘటోత్కచునివలె మెచ్చుకోగల సభ మనకు కావాలి. అటువంటి సభలో మా మిత్రుడు మరల లేచి నిలబడి జవాబు చెబుతాడు. అందులో రెండు తప్పులు దొర్లినా నష్టం లేదు. మన భాషకు మరో రెండు మాటలు దొరుకుతాయేమో!