పేజీ అడుగున ఉన్న మాట చెవికి ఎలా చేరుతుంది?

వారాసిగూడకూ తార్నాకకూ నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. అది ఏర్పడింది 1918లో. ఈ సంగతి ఒక చరిత్ర పుస్తకంలో ఇలా అచ్చయిందనుకోండి: ‘స్థాపన: 1918’. ఆ 8 పక్కన, కాస్త పైకి, చిన్నదిగా 2 అనే అంకె. వెంటనే మీ చూపు పేజీ అడుగుకు దిగుతుంది. అక్కడ 2 ఎదురుగా ఉన్న వివరం చదివి, మళ్ళీ పైకి వస్తుంది. దీన్నే పాదసూచిక, లేదా ఫుట్‌నోట్ అంటాము. ఇలాంటి వివరాలన్నీ అధ్యాయం చివరనో, పుస్తకం చివరనో ఒకచోట చేరిస్తే అవి ఎండ్‌నోట్లు.

మరి చూపులేని విద్యార్థి ఇదే పుస్తకాన్ని కంప్యూటర్‌లో ఎలా చదువుతాడు? తెర మీది అక్షరాలను బయటికి చదివే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని పేరు స్క్రీన్ రీడర్. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో రాయడం మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఎ. అలాంటిదే. అది ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ఆ 2 కేవలం పైకి జరిపిన అంకె మాత్రమే అయితే, స్క్రీన్ రీడర్ దాన్ని 1918తో కలిపేయవచ్చు. అప్పుడు వినిపించేది 19182, అంటే పందొమ్మిది వేల నూట ఎనభై రెండు! పరీక్షకు చదివేవాడు ఏ సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి?

రెండో చిక్కు చూడండి. వాక్యం ఒక పేజీలో మొదలై మరో పేజీలో ముగిసిందనుకోండి. పేజీని పైనుంచి కిందికి చదువుకుపోతే, ఆ వాక్యం మధ్యలో పాదసూచిక వచ్చి పడుతుంది. కంటికి సన్న అక్షరాలూ, అడ్డగీతా కనిపిస్తాయి. చెవికి అవేవీ లేవు.

దీనికి ఉపాయం ఏమిటి? వంటింట్లో ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా ఒకే తీరుగా ఉంటే అమ్మ ఏం చేస్తుంది? చీటీ అంటిస్తుంది. డిజిటల్ పత్రంలోనూ అంతే. తెర మీద కనిపించని ఆ చీటీలను ట్యాగులు అంటారు. పైన ఉన్న 2కు ‘ఇది సూచన’ అనీ, అడుగున ఉన్న వివరానికి ‘ఇది గమనిక’ అనీ చీటీలు పెడతారు. రెండింటినీ లింకుతో కలుపుతారు. తిరిగి రావడానికి మరో లింకు ఇస్తారు. 2017లో వెలువడిన పి.డి.ఎఫ్. 2.0 ప్రమాణంలో ఫుట్‌నోట్లకూ ఎండ్‌నోట్లకూ ప్రత్యేకంగా ఒక ట్యాగును చేర్చారు.

ఎండ్‌నోట్లకు తిరుగుదారి మరీ ముఖ్యం. 9వ పేజీ నుంచి 212వ పేజీకి వెళ్ళినవాడు, ఎక్కడ ఆపాడో ఎలా వెతుక్కుంటాడు? సందులోకి పంపి, బయటికి దారి చూపకపోతే ఎలా?

చీటీ ఉంటే వినేవాడికి ఎంచుకునే వీలు కూడా కలుగుతుంది. మాట్లాడే పుస్తకాల కోసం రూపొందిన డైసీ పద్ధతిలో, పాఠం ఆగకుండా సాగాలనుకుంటే గమనికలను దాటవేయవచ్చు.

చూపులేనివారికి పుస్తకాలు అందేలా చేసే మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు మన దేశమే ధ్రువీకరించింది. అయితే పుస్తకం చేతికి వస్తే చాలదు, లోపల దారులు కూడా సరిగా ఉండాలి కదా!

ఈ పని మీరూ చేయగలరు. కంప్యూటర్‌లో ప్రాజెక్టు రాసేటప్పుడు అంకెను చేత్తో టైపు చేసి పైకి జరపకండి. వర్డ్ ప్రాసెసర్‌లో ఫుట్‌నోట్ చేర్చే ఆదేశం ఉంటుంది, దాన్నే వాడండి. అంకెకూ గమనికకూ సంబంధాన్ని అదే కలుపుతుంది. పి.డి.ఎఫ్.గా మార్చేటప్పుడు ట్యాగులు ఉంచమని చెప్పండి.

చేసి చూడండి: పాదసూచికలున్న ఒక పేజీని మీ మిత్రుడికి ఇవ్వండి. అంకెలనూ గమనికలనూ వదలకుండా, స్వరం మార్చకుండా, పైనుంచి కిందికి చదవమనండి. మీరు కళ్ళు మూసుకుని వినండి. పాఠం ఎక్కడ ఆగిందో, గమనిక ఎక్కడ మొదలైందో ఎన్నిసార్లు పోల్చగలిగారు?