నత్తగుల్లలో గడ్డిపోచ

ఆస్ట్రేలియాలోని కామ్డెన్ అనే చిన్న ఊళ్లో ఓ మందుల షాపు ఉండేది. యజమానికి చెవుడు. గుసగుసగా అడగాల్సిన మందు కోసం వచ్చినవాళ్లకు కూడా గొంతు పెంచక తప్పేది కాదు. పక్కనే ఉన్న కొడుక్కి సిగ్గుతో తల కొట్టేసినట్లుండేది. పెద్దయ్యాక ఏం చేస్తావంటే 'చెవులు బాగుచేస్తా' అని అయిదేళ్లప్పుడే చెప్పిన ఆ పిల్లాడు గ్రేమ్ క్లార్క్. 1970లో అతను మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి ప్రొఫెసరయ్యాడు.

మామూలు హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచుతుందంతే. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే రోమకణాలే చచ్చిపోతే ఎంత పెంచినా లాభం లేదు. ఆ కణాలుండే కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన గొట్టం. నిండా ఉప్పగా ఉండే ద్రవం. ఒక్కో చెవిలో దాదాపు 15 వేల రోమకణాలు. అవి పోయినా వాటి వెనకున్న నరం చాలామందిలో మిగిలే ఉంటుంది. ఆ నరాన్ని కరెంటుతో తట్టి లేపితే?

లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ 1961లోనే ఈ దారి పట్టాడు. ఒక్క తీగతో శబ్దం, లయ తెలిశాయి కానీ మాట విడివడలేదు. కాక్లియా మొదట్లో కీచు స్వరాలు, చివర్లో బొంగురు స్వరాలు పలుకుతాయి. మాట తెలియాలంటే ఒకే చోట కాదు, వరసగా చాలాచోట్ల తట్టాలి. అన్ని తీగల్ని గీరుకోకుండా ఆ చుట్ల లోపలికి తోయడమెలా?

జవాబు సముద్రపు ఒడ్డున దొరికింది. 1977లో కుటుంబంతో మిన్నమర్రా బీచ్‌కి వెళ్లిన క్లార్క్ ఓ గుల్ల ఏరుకుని అందులోకి గడ్డిపోచ దూర్చి చూశాడు. మొదలు గట్టిగా, కొస మెత్తగా ఉన్న పోచ చుట్లవెంట సాఫీగా సాగిపోయింది. ఎలక్ట్రోడ్ తీగ కూడా అలాగే ఉండాలన్నమాట!

1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో, కారు ప్రమాదంలో వినికిడి పోగొట్టుకున్న రాడ్ సాండర్స్‌కు పది ఎలక్ట్రోడ్ల యంత్రం అమర్చారు. మొదట పరీక్షించినప్పుడు ఏమీ వినపడలేదు. అందరి మొహాలూ వాడిపోయాయి. లోపం యంత్రంలో కాదు, పరీక్ష పరికరాల్లో అని తర్వాత తేలింది. ఆ తర్వాత జాతీయగీతం వినిపిస్తే సాండర్స్ చటుక్కున లేచి నిలబడ్డాడు. కొన్నాళ్లకు అతను మాటలు కూడా పోల్చుకోగలిగాడు. క్లార్క్ పక్కగదిలోకి వెళ్లి ఏడ్చేశాడు.

యంత్రం లోపలికి వెళ్లడం సరే, అక్కడ బతికి బట్టకట్టేదెలా? ఒంట్లో ఉన్నదంతా ఉప్పునీరే. చిన్న సందు దొరికితే చాలు, సర్క్యూట్ తినేస్తుంది. అప్పటికే ఈ చిక్కుతో తలపడుతున్నవాళ్లు సిడ్నీలో ఉన్నారు. పాల్ ట్రైనర్ నడిపే న్యూక్లియస్ గ్రూపులోని టెలెక్ట్రానిక్స్ సంస్థ గుండెకు పేస్‌మేకర్లు చేసేది. లోహాన్నీ సిరామిక్‌నీ తడి చొరకుండా అతికించే పనితనం వాళ్లది. ప్రభుత్వ నిధులూ తోడయ్యాయి. ఆ గ్రూపులోంచే కాక్లియర్ లిమిటెడ్ పుట్టింది. 1982 సెప్టెంబరులో 22 ఎలక్ట్రోడ్ల టైటానియం యంత్రం తొలి మనిషి చెవిలోకి చేరింది. 1985లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెద్దలకూ, 1990లో రెండేళ్లు దాటిన పిల్లలకూ అనుమతిచ్చింది.

15 వేల కణాల పని 22 ఎలక్ట్రోడ్లు చేస్తాయా? చేయవు. అందుకే బయట శబ్దాన్ని అందుకుని లోపలి యంత్రానికి పంపే తొలి ప్రాసెసర్ అన్నిటినీ పంపకుండా, మాటలో అచ్చుల్ని పట్టిచ్చే ముఖ్యమైన స్వరాన్నీ గొంతు శ్రుతినీ మాత్రమే ఏరి పంపేది. మిగతాది మెదడు పూరించుకునేది.

ఇంత జాగ్రత్తపడ్డా నీరు ఓసారి గెలిచింది. 2011 సెప్టెంబరులో కాక్లియర్ కంపెనీ తన సరికొత్త సీఐ500 రకంలో ఇంకా అమర్చని యంత్రాలన్నిటినీ వెనక్కి పిలిపించింది. అతుకుల్లో కంటికి కనపడని పగుళ్లు ఏర్పడి, వాటిలోంచి నీటి అణువులు లోపలికి చేరుతున్నాయని విచారణలో బయటపడింది. కొన్నాళ్లపాటు పాత నమూనాతోనే సర్దుకోవాల్సి వచ్చింది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, పుట్టుచెవుడున్న చిన్నారులకు ఈ యంత్రం అమర్చే సర్జరీని ఉచితంగా చేయించింది. సర్జరీ ఒక్కపూట పని. మాట నేర్పే థెరపీకి మాత్రం నెలలూ ఏళ్లూ పడుతుంది. ఈలోగా అమ్మలకు ఇంకో పని అలవాటవుతుంది. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో రాత్రి పిల్లలు పడుకోగానే చెవి వెనక ప్రాసెసర్ తీసి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. చర్మం కింది టైటానియం బిళ్ల మాత్రం, పొద్దున మళ్లీ ప్రాసెసర్ కాయిల్ పైన అతుక్కునేదాకా, తన ఉప్పునీళ్ల మధ్య నిశ్శబ్దంగా ఉంటుంది.