అమ్ముకాడను ఇంట చేయు విధము

దసరా దినములలో బడిపిల్లలు రంగుకాగితములు చుట్టిన విల్లంబులు చేతబట్టి, అయ్యవారి వెంట ఇంటింటికిని పద్యములు పాడుచు వచ్చిన దృశ్యమును గోదావరి మండలములవారు మఱచి యుండరు. ఆ విల్లంబులు వేడుకకొఱకైనవి. గుఱికి కొట్టు బాణము వేరు. దాని మంచిచెడ్డలు చాలవఱకు కాడయందే యున్నవి.

పాపికొండల ప్రాంతమునను, మారేడుమిల్లి మన్యమునను కొండరెడ్లు, కోయలు తరతరములుగా వెదురుతో విల్లంబులను తామే చేసికొనుచు వచ్చిరి. ఆ కొండల వెదురు తెప్పలుగా కట్టబడి గోదావరిమీద రాజమహేంద్రవరము చేరుచుండెడిది. డెల్టా గ్రామములలో వడ్రంగివద్ద కొయ్య సులభముగా దొరకును గనుక, కొయ్యకాడ చేయు తెఱగును చెప్పెదను.

ముడులు లేనిదియు, నార కొననుండి కొనవఱకు తిన్నగా సాగినదియు నగు కొయ్యను ఎన్నుకొనవలెను. దానిని రంపముతో కోయక, నారవెంట చీల్చుట మేలు. చీలిక వంకరపోయినచో ఆ కొయ్య కాడకు పనికిరాదు. చీల్చిన బద్దలను నీడలో బాగుగా ఆరనిచ్చి, అర అంగుళము మందమున చదరపు పుల్లలుగా చేయవలెను. పొడవునకు కొలత యిది: పుల్ల ఒక కొనను ఱొమ్మునకు ఆన్చి, చేతులు రెండును ముందునకు చాపినప్పుడు, రెండవ కొన వ్రేళ్ళను ఒక అంగుళమైనను దాటవలెను. పొట్టి బాణము వింటిని దాటి లోపలికి వచ్చి చేతికి తగులును.

ఒక దిమ్మెలో నిడుపుగా గాడి తీసి, పుల్లను అందుంచి, చిత్రికతో నాలుగు అంచులను సమముగా తీసినచో ఎనిమిది పలకలగును. ఆ యంచులనే మరల తీయగా పదునాఱగును. అటుపిమ్మట గరుకుకాగితము చుట్టి త్రిప్పుచు రుద్దినచో గుండ్రనగును. అంగుళములో మూడవవంతు లావు సామాన్యముగా చాలును. చదునైన పలకపై దొర్లించి, ఎగిరిపడుచోట వంకర కలదని గ్రహించి, ఆ భాగమును నిప్పుసెగను కొంచెము కాచి, చేతితో సరిచేసి చల్లారనీయవలెను.

ఇక ముఖ్యవిషయము. నారి విడిచినంతనే బాణము పాము కదలినట్లు వంగుచు వింటిప్రక్కగా సాగును. కాడ మిక్కిలి మెత్తనైనను, మిక్కిలి బిఱుసైనను గుఱి తప్పును. దీనిని ఇంటనే పరీక్షింపవచ్చును. 26 అంగుళముల దూరమున రెండు ఆధారములపై కాడనుంచి, నడుమ 2 పౌనుల బరువు వ్రేలాడదీసి, ఎన్ని అంగుళములు వంగినదో కొలువుడు. 26ను ఆ వంపుతో భాగింపగా, ఎన్ని పౌనుల వింటికి తగునో తెలియును. ఒక అంగుళము వంగిన కాడ 26 పౌనుల వింటికిని, అర అంగుళము వంగినది 52 పౌనుల వింటికిని తగును. ఒక పొదిలోని కాడలన్నియు ఒకేతీరున వంగవలెను.

నారి పట్టు గంటును, కొయ్య కొనయందు కనబడు పెరుగుదల గీతలకు అడ్డముగా కోయవలెను. గీతలవెంట కోసినచో నారి తాకిడికి చీలును. ఈకలు మూడును ఒకే ప్రక్క ఱెక్కవి కావలెను. పెద్దబాతు ఈకలు మంచివి. నెమలిని గాని, మఱి యే వన్యప్రాణిని గాని ఇందుకై హింసింపరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. మన గాలిలో తేమ మెండు గనుక, కాడకు రెండు మూడు పూతలు అవిసెనూనె పట్టించి ఆరనిండు.

తుదకు ఒక హెచ్చరిక. పగిలిన కాడ, విడిచిన క్షణమున విఱిగి, విల్లు పట్టిన చేతిలోనే దిగును. కావున బాణము వేయుటకు ముందు ప్రతిసారియు కాడను చెవియొద్ద నుంచుకొని మెల్లగా వంచి చూడవలెను. చిటపట ధ్వని వినబడినను, వ్రేలికి చీలిక తగిలినను, ఎంత శ్రమపడి చేసినదైనను, విఱిచి పొయ్యిలో పెట్టుడు. మనుమనికి విలువిద్య నేర్పదలచిన తాత మొట్టమొదట నేర్పవలసిన పాఠ మిదియే.