రోగి వాటా ఎంత?

వైద్యం, వ్యాపారం, రాజకీయం... మూడూ కలిసే చోటు చూడాలంటే ధర్మవరంలో బెంగళూరు రైలెక్కాలి.

ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ యాదవ్ ఆంధ్రప్రదేశ్ వైద్యారోగ్య శాఖ మంత్రి. అదే రైలు దారిలో వచ్చే హిందూపురం ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ హైదరాబాద్‌లోని బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఛైర్మన్. ఈ రెండు స్టేషన్ల నడుమ పెనుకొండ. అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలకు 2021 మే 31న, మరో పదమూడింటితో పాటు శంకుస్థాపన జరిగింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం పది కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి (పీపీపీ) అప్పగించాలని నిర్ణయించింది. వాటిలో పెనుకొండ ఒకటి. త్వరగా కడతామని ప్రభుత్వం అంటే, ప్రైవేటుకు ధారపోస్తున్నారని వైసీపీ కోటి సంతకాలకు దిగింది.

కళాశాల అంటే సీట్లే కాదు. వంద సీట్లు కావాలంటే 420 పడకలు చూపించాలన్నది జాతీయ వైద్య మండలి నిబంధన. రాయలసీమ రోగికి కావలసింది ఆ పడకలే.

మరి డాక్టర్ల సంఘాల సంగతేమిటి? 1928లో పుట్టిన ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ఒంటిచేత్తో మూడు పనులు చేస్తుంది. వైద్యుల హక్కులకు పోరాడుతుంది, వాళ్ల ప్రాక్టీసుకు కాపుకాస్తుంది, నీతీ చెబుతుంది. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలిపై జరిగిన హత్యాచారంపై 2024 ఆగస్టు 17న దేశమంతటా సమ్మె చేసిందీ ఇదే. 2008లో పెప్సీ వాళ్ల పళ్లరసానికీ ఓట్స్‌కూ తన ముద్ర వేసి తలవంపులు తెచ్చుకున్నదీ ఇదే. పతంజలి ప్రకటనలపై ఇది కోర్టుకెక్కితే, ముందు మీ ఇల్లు చక్కదిద్దుకోండని సుప్రీంకోర్టు 2024లో దీనికే చురక వేసింది.

ఇక ఆసుపత్రుల సంగతి. 2007లో మొదలైన ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పేరు గద్దె మారినప్పుడల్లా మారింది. మారనిది బకాయిల గొడవ. 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. డబ్బు రాకపోతే ఆసుపత్రి నడవదు, నిజమే. కానీ ఆ తగాదాలో కార్డు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డవాడు ఏ పక్షం?

ధర్మవరం పక్కనే, బత్తలపల్లిలో, ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. దాన్ని నడిపే సంస్థకు విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడితే 2025లో అనంత జనం రోడ్డెక్కారు, పార్టీలూ గొంతు కలిపాయి. వైద్యానికి రాజకీయం అంటకూడదని ఎవరూ అనలేదు. ఎందుకంటే అప్పుడు అడిగింది రోగి కోసం.

డాక్టర్ల సంఘమూ రాజకీయం చేయవచ్చు. ఫీజుల బోర్డు గోడమీద పెట్టించి, సమ్మెలోనూ అత్యవసర వైద్యం ఆపకుండా, తన హక్కులకు ఎత్తిన గొంతే పెనుకొండ పడకలకూ ఎత్తితే చాలు. ఆ రోజు దాకా పెనుకొండలో దిగాల్సిన రోగి బెంగళూరుకే టికెట్ కొంటాడు.