ఇసుక మీద ఆనకట్ట

2023 అక్టోబర్ 21న గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీలో ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. ఆ తరువాత కొన్ని నెలల పాటు సీపేజీ, పైపింగ్, సీకెంట్ పైల్స్ అన్న మాటలు మన పత్రికల్లో రోజూ కనిపించాయి. ఎవరిది తప్పు అన్న వాదనలో అసలు ప్రశ్న ఎవరికీ పట్టలేదు. ఎంత తవ్వినా రాయి తగలని నదిలో నీటిని ఆపే కట్టడం అసలు ఎలా నిలబడుతుంది?

నాగార్జునసాగర్‌కు ఈ బాధ లేదు. అది కొండల మధ్య రాతి మీద కూర్చుంది. డెల్టా తల దగ్గర అలా కుదరదు. నది యుగాలుగా తెచ్చి పోసిన ఇసుక అక్కడ మేట వేసి ఉంటుంది. దాని మీద గోడ కట్టి నీటిని నిలిపితే ఎగువన మట్టం పెరుగుతుంది, దిగువన తక్కువగా ఉంటుంది. ఆ తేడా వల్ల నీరు గోడ కిందుగా, ఇసుక రేణువుల సందుల్లోంచి అవతలికి దారి చేసుకుంటుంది. సీపేజీ అనే ఈ ఊటను పూర్తిగా ఆపలేం. ఆపనక్కర్లేదు కూడా.

భయమంతా ఆ ఊట దిగువ అంచున పైకి తేలే చోట ఉంది. పైకి తన్నుకొచ్చే నీరు ఇసుక బరువును కొంత మోస్తుంది. ఇసుక రేణువు నీటికంటే సుమారు 2.65 రెట్లు బరువు, మధ్య సందులు నూటికి 40 వంతులు అనుకుందాం. లెక్క వేస్తే, అడుగు దూరానికి దాదాపు అడుగు నీటి ఒత్తిడి ఖర్చవుతున్న చోట ఇసుకకు బరువే మిగలదు. నేల ఉడుకుతున్న గంజిలా కుతకుతలాడుతుంది. అక్కడ చిన్న బుంగ పడిందంటే చుట్టుపక్కల ఊటంతా దానివైపే మళ్ళుతుంది. దాంతో ఆ బుంగ ఇసుకను బయటికి నెడుతూ ఎగువకు పాకుతుంది. పైన చూస్తే అంతా బాగానే ఉంటుంది, కింద డొల్ల. పైపింగ్ అంటే ఇదే.

తప్పించుకునే ఉపాయం చెప్పడానికి సులువే. నీరు నడిచే దారిని పొడిగించాలి. దారి పొడుగైన కొద్దీ ఒత్తిడి మెల్లగా ఖర్చవుతుంది, బయటికొచ్చేసరికి నీటికి ఇసుకను ఎత్తే సత్తా ఉండదు. అందుకు కట్టడాన్ని నది పారే దిశలో వెడల్పుగా పరచాలి, లేదా కిందికి గోడలు దించి నీటిని చుట్టు తిప్పాలి. రెండూ చేస్తే మరీ మంచిది.

కావేరి మీద కల్లణై కట్టినవారికి ఈ లెక్క తెలియదు. ఆ కట్టడాన్ని కరికాల చోళుడి పేరున చెప్పుకుంటారు. ఇసుకలో పెద్ద రాళ్ళు వేస్తే అవి దిగబడతాయి. వాటి మీద మళ్ళీ వేస్తారు. ఇక దిగబడని స్థితి వచ్చేదాకా వేసి, సందులకు బంకమట్టి పెట్టి, పైన కట్టుబడి చేశారు. పునాది కోసం రాయి దాకా తవ్వాలని చదువుకుని వచ్చిన ఆంగ్లేయ ఇంజనీర్లకు ఇది వింతగానే తోచి ఉండాలి. ఆర్థర్ కాటన్ మాత్రం దాన్ని శ్రద్ధగా చూశారు. 1836లో కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట కట్టి ఆ పాఠాన్ని పరీక్షించారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని తరువాత ఆయనే రాశారు. కాటన్ విగ్రహాలకు దండలు వేసే రోజున మనం ఎత్తని మాట ఇది.

ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. అక్కడ గోదావరి లంకల మధ్య పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టిన ఆనకట్ట మొత్తం పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఎత్తు మాత్రం 12 అడుగులే. అంతకు ఎన్నో రెట్ల వెడల్పున రాయి పరిచారు. రాయికి వెతకనక్కర్లేదు, కొండ పక్కనే ఉంది. పట్టాల మీద బళ్ళు నడిపి తెచ్చారు.

గోడ కింద పునాదిగా వేసినవి బావులు. ఇసుక మీద ఇటుక ఒర కట్టి, లోపల మనిషి దిగి ఇసుక తోడుతుంటే ఒర తన బరువుకే కిందికి దిగుతుంది. నూతులు తవ్వేవాళ్ళకు తరతరాలుగా తెలిసిన పనే. అలాంటి బావులను వరసగా దించి, లోపల నింపి, వాటి మీద గోడ లేపారు. దిగువన మాత్రం రాళ్ళను సున్నంతో బిగించకుండా వదులుగా పోశారు. ఇందులో ఉంది చమత్కారం. వరద కోసి గుంత చేస్తే ఆ రాళ్ళు అందులోకి జారి దాన్నే కప్పేస్తాయి. మర్నాడు పైన మళ్ళీ రాయి పోస్తే సరి. సున్నంతో బిగించి ఉంటే పలక కింద గుంత పెరిగేది, విరిగేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

ఇసుకలోంచి నీరు పారే సూత్రాన్ని ఫ్రాన్సులో హెన్రీ డార్సీ ప్రకటించింది 1856లో. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి నాలుగేళ్ళు. సిద్ధాంతం ముందు పుట్టి, కట్టడం దాని వెనక వస్తుందనుకుంటాం కానీ ఇంజనీరింగ్ చరిత్రలో చాలాసార్లు వరస తిరగబడింది.

సిద్ధాంతాన్ని తొందరపెట్టింది ఒక ప్రమాదం. 1898లో గంగ మీద నరోరా ఆనకట్ట కింది ఊట ఒత్తిడికి దెబ్బతింది. దాని పుణ్యమా అని ఊటను లెక్కగట్టడం ఊపందుకుంది. డబ్ల్యు. జి. బ్లై అనే ఇంజనీరు ఒక తేలిక సూత్రం ఇచ్చాడు. ముతక ఇసుకైతే నీటిమట్టాల తేడాకు 12 రెట్లు, సన్న ఇసుకైతే 15 రెట్లు దారి ఉండాలన్నాడు. పది అడుగుల తేడాకు ముతక ఇసుకలో 120 అడుగులు. అడ్డంగా నడిచినా నిలువుగా దిగినా ఆయనకు ఒకటే లెక్క.

అది ఒకటి కాదని పంజాబులో తేలింది. బ్లై సూత్రంతో కట్టిన అప్పర్ చీనాబ్ కాలువ సైఫన్లు 1926 ప్రాంతంలో ఇబ్బంది పెట్టాయి. వాటి కింద గొట్టాలు దించి ఒత్తిడి కొలిస్తే అంకెలు సూత్రానికి సరిపడలేదు. ఎ. ఎన్. ఖోస్లా బృందం 1936లో కొత్త పద్ధతి ప్రచురించింది. అందులో ముఖ్యమైన సంగతి, ఎంత వెడల్పు పరిచినా దిగువ అంచున కిందికి ఒక గోడ దించకపోతే అక్కడ ఊట విసురు, లెక్క ప్రకారం, అనంతం అవుతుంది. దేశంలో బ్యారేజీలు గీసేటప్పుడు నేటికీ ఆ పద్ధతి వాడతారు. నందికొండ దగ్గర ఇప్పటి సాగర్ కట్టవచ్చని 1952లో సిఫారసు చేసిన కమిటీకి అధ్యక్షుడు కూడా ఈ ఖోస్లాయే.

కాటన్ ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ధవళేశ్వరంలో 175 గేట్ల బ్యారేజీ ఉంది. మేడిగడ్డలో ఇసుకను కట్టడి చేయడానికి సీకెంట్ పైల్స్, అంటే ఒకదాన్నొకటి కోసుకునేలా దించిన కాంక్రీటు స్తంభాల గోడ వేశారు. అయినా కుంగింది. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు రాశారు. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని కారణాల్లో చేర్చారు.

దిగువన ఊట కనబడగానే బ్యారేజీ పోయిందని కంగారు పడనక్కర్లేదు. సన్న ఇసుక, ముతక ఇసుక, కంకర వరసగా పరిచిన వడపోత పొర గుండా నీటిని బయటికి వదలడమే అక్కడి ఏర్పాటు. తనిఖీకి వచ్చినవారు ఊట ఎంత ఉందని కొలుస్తారు, దాన్ని గాజు సీసాలో పట్టి అడుగున ఇసుక దిగిందేమో కూడా చూస్తారు. తేటగా ఉంటే రాసుకుని వెళ్తారు. ఇసుక దిగితే దాన్ని ప్రమాద సూచనగా తీసుకుంటారు.