ఆలి ఉత్తరానికి నవ్వు... అమ్మ ఉత్తరానికి ఓటు!

మా చిన్నవాడు ఎనిమిదో తరగతి. వాడికి క్విజ్ పోటీ ఉందంటే నాకు వంటింట్లో కూడా పరీక్షే. గట్టు మీద పుస్తకం పెట్టి "అమ్మా, నువ్వు అడుగు, నేను చెప్తా" అంటాడు. ఈసారి అమెరికా చరిత్ర వచ్చింది. ఒక చేత్తో పోపు వేస్తూ, ఇంకో చేత్తో పేజీలు తిప్పుతూ మొదలుపెట్టాను.

"మొదటి అధ్యక్షుడు?" "జార్జి వాషింగ్టన్." "స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదా రాసిందెవరు?" "థామస్ జెఫర్సన్." "బానిసల విముక్తి ప్రకటన?" "లింకన్, 1863." పోపులో ఆవాల్లా టపటపా చెప్పేస్తున్నాడు. నలభై ప్రశ్నలయ్యాక వాడికే అనుమానం వచ్చింది. "అమ్మా, ఇందులో ఒక్క ఆవిడ పేరూ లేదేంటి? అప్పుడు ఆడవాళ్ళు ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తారు, ఇలా పోపులు పెడుతుంటారు" అనేశాను. అనేశానేగానీ చరిత్రతో బి.ఏ. చదివినదాన్ని కదా, ఆ జవాబు నాకే మింగుడుపడలేదు. మధ్యాహ్నం పనులయ్యాక చదివినవీ, వెతికి తెలుసుకున్నవీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. క్విజ్‌లో అడగని ప్రశ్నలన్నమాట. మీరూ వినండి.

భర్త నవ్విన ఉత్తరం

1776 మార్చి 31. అమెరికాకి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. జాన్ ఆడమ్స్ ఫిలడెల్ఫియాలో దేశనాయకులతో సమావేశాల్లో ఉన్నాడు. ఆయన భార్య అబిగైల్ మసాచుసెట్స్‌లో నలుగురు పిల్లలనీ, పొలాన్నీ ఒంటిచేత్తో చూసుకుంటోంది. ఆ రోజు భర్తకి ఉత్తరం రాస్తూ ఓ మాట అంది. కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్ళని మరిచిపోకండి, మగవాళ్ళ చేతికి హద్దులేని అధికారం ఇవ్వకండి, మా గొంతు వినిపించని చట్టాలకి మేము కట్టుబడం అని!

ఆయన ఏం జవాబు రాశాడో తెలుసా? నీ చట్టాల మాట చదివి నవ్వు ఆపుకోలేకపోయాను అని. ఆ నవ్విన పెద్దమనిషే తర్వాత రెండో అధ్యక్షుడయ్యాడు. కొడుకు జాన్ క్విన్సీ ఆరో అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడికి భార్యా, అధ్యక్షుడికి తల్లీ అయిన ఇద్దరే ఇద్దరు స్త్రీలలో అబిగైల్ మొదటిది. రెండో ఆవిడ బార్బరా బుష్. అయితేనేం, అబిగైల్ 1818లో పోయేవరకూ ఓటు మాత్రం ఎరగదు.

అచ్చువేసింది ఎవరు?

స్వాతంత్ర్య ప్రకటన రాసిందెవరో మావాడికి వచ్చు. మరి సంతకాలు చేసినవాళ్ళ పేర్లతో సహా దాన్ని తొలిసారి అచ్చువేసిందెవరు? మేరీ కేథరిన్ గొడార్డ్. బాల్టిమోర్‌లో ప్రెస్సు నడిపేది, ఆ ఊరి పోస్టాఫీసు కూడా ఆవిడదే బాధ్యత. అప్పటికి బ్రిటిష్ వాళ్ళతో యుద్ధం జరుగుతోంది. ఆ కాగితం మీద పేరుండటమంటే మెడకి ఉరితాడు తగిలించుకోవడమే. 1777 జనవరిలో ఆవిడ ఆ ప్రతులు వేసి, అడుగున ముద్రాపకురాలిగా తన పూర్తిపేరు అచ్చు వేసుకుంది.

ఆ ధైర్యానికి బహుమతి ఏమిటంటారా? 1789లో పోస్టాఫీసు ఉద్యోగం తీసేశారు. ఇకమీద ఆ పనికి ఊళ్ళు తిరగాలి, ఆడమనిషి తిరగలేదు అని వంక. ఊళ్ళో రెండువందలమందికి పైగా ఆవిడ తరఫున అర్జీ మీద సంతకాలు పెట్టారు. వాషింగ్టన్‌కే ఉత్తరం రాసుకుంది. ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

ఇచ్చి లాక్కున్న ఓటు

ఇంకో విడ్డూరం. ఒక్క న్యూజెర్సీలో మాత్రం 1776లోనే ఆడవాళ్ళకి ఓటుండేది! చట్టంలో యాభై పౌన్ల ఆస్తి ఉన్న 'నివాసులందరూ' అని రాశారు. పెళ్ళయితే ఆస్తంతా భర్తదే కాబట్టి ఇల్లాళ్ళకి కుదరదు. పెళ్ళికానివాళ్ళు, వితంతువులు మాత్రం వెళ్ళి వేసేవారు. 1807లో ఆ చట్టం మార్చి ఓటు తెల్లజాతి మగవాళ్ళకే పరిమితం చేశారు. ఇచ్చిన చెయ్యే లాక్కుంది.

తర్వాత 1869లో వయొమింగ్ ప్రాంతం ఆడవాళ్ళకి ఓటిచ్చింది. 1872లో సుసాన్ బి. ఆంథొనీ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో దర్జాగా వెళ్ళి ఓటు వేసి వచ్చింది. అరెస్టు చేసి, మర్నాటి ఏడాది వంద డాలర్ల జరిమానా వేశారు. ఒక్క డాలరు కూడా కట్టనంది. కట్టలేదు కూడా!

కొడుకు విన్న ఉత్తరం

ఇక అసలు కథ. స్త్రీలకి ఓటు హక్కునిచ్చే రాజ్యాంగ సవరణకి 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవాలి. 1920 వేసవికి 35 ఒప్పుకున్నాయి. ఆగస్టులో వంతు టెనెసీకి వచ్చింది. అనుకూలురు పసుపు గులాబీ, వ్యతిరేకులు ఎర్ర గులాబీ కోటుకి పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ సభలో అందరికన్నా చిన్నవాడు హ్యారీ బర్న్, 24 ఏళ్ళు. అతని కోటు మీద ఎర్ర గులాబీ.

ఆగస్టు 18న ఈ విషయాన్ని పక్కన పెడదామా అంటే 48-48 వచ్చింది. బర్న్ పక్కన పెట్టేద్దామన్నవాళ్ళతోనే ఉన్నాడు. కానీ అసలు ఓటింగు దగ్గర అతని పేరు పిలవగానే 'అనుకూలం' అనేశాడు! అందరూ నిర్ఘాంతపోయారు. సవరణ గెలిచింది.

సంగతేమిటంటే, అతని జేబులో పల్లెటూరి నుంచి వాళ్ళమ్మ ఫెబ్ బర్న్ రాసిన ఉత్తరముంది. ఇంటి కబుర్ల మధ్య ఆవిడ కొడుక్కి చెప్పింది. నువ్వెటువైపున్నావో పేపర్లో చూస్తున్నాను, ఏమీ కనబడలేదు, మంచిపిల్లాడిలా ఆడవాళ్ళ ఓటుకి ఓటెయ్యి అని. మర్నాడు బర్న్ సభలో దాచుకోకుండా ఒప్పుకున్నాడు, అమ్మ మాట వినడమే కొడుక్కి అన్నిటికన్నా క్షేమమని.

అబిగైల్ ఉత్తరానికీ ఈ ఉత్తరానికీ మధ్య 144 ఏళ్ళు!

అంతటితో కథ సుఖాంతం అనుకునేరు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలకి ఆ హక్కు చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. 1962లో మిసిసిపీలో ఫానీ లూ హామర్ అనే కూలిమనిషి ఓటరుగా పేరు రాయించుకోబోయింది. పద్దెనిమిదేళ్ళు చాకిరీ చేసిన పత్తి తోట నుంచి ఆ రోజే వెళ్ళగొట్టారు. అప్పటికి ఆవిడకి 44 ఏళ్ళు. వాళ్ళకి చట్టం గట్టి అండ అయింది 1965లో.

నా ఉత్తరం

ఇదంతా రాశాక పెన్ను కింద పెట్టబుద్ధి కాలేదు. కారణం మా పెద్దవాడు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఈమధ్యే ఓటు వచ్చింది. కిందటివారం ఫోన్లో నవ్వుతూ "మా గదిలో వాళ్ళ ఊళ్ళలో ఓటుకింత అని ఇస్తున్నారట. మన వీధిలో ఎంతో కనుక్కో అమ్మా" అన్నాడు. నేను "తిన్నావా?" అని అడిగి పెట్టేశాను.

కథలు రాసే దాన్ని, కొడుక్కి ఒక్క మాట చెప్పలేకపోయాను! చెప్పడానికి నాకు నోరేదీ? పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంట్లో ఓట్లన్నీ ఎటు వెయ్యాలో మావారే చెప్పేవారు, నేను తలూపేదాన్ని. ఆయన బలవంతం చేశారని కాదు, నేనే ఎన్నడూ ఆలోచించలేదు.

అందుకే ఫోను పక్కన పెట్టి కాగితం తీశాను. మల్లెతీగ పూసిందనీ, నాన్న కళ్ళజోడు మార్చారనీ రాశాను. మధ్యలో ఇదీ రాశాను. "నాన్నా, ఆ డబ్బు ముట్టుకోకు. ఎవరికి వెయ్యాలో నేను చెప్పను, నువ్వే ఆలోచించుకో. నేనూ ఈసారి మీ నాన్నని అడగకుండా ఆలోచించుకుంటాను."

చిన్నవాడు భుజం మీంచి తొంగిచూసి "ఇది క్విజ్‌లో వస్తుందా అమ్మా?" అన్నాడు. రాదన్నాను. "అయితే పోస్టు నేను వేసొస్తా" అంటూ చెప్పులేసుకున్నాడు.

మీ నోట్లోనూ "తిన్నావా?" వెనకాల ఆగిపోయిన మాట ఏదైనా ఉందేమో చూసుకోండి. కాగితం, పెన్ను ఇంట్లోనే ఉంటాయిగా!